అణు ఇంజనుతో అంగారకానికి: శక్తినిచ్చేది ఏది, వెనక్కి విసిరేది ఏది?

శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజున మేడ మీదికెక్కి తూర్పు వైపు తిరిగి నిలబడటం తిరుపతివారికి చాలా కాలంగా ఉన్న అలవాటు. ఆకాశం తేటగా ఉంటే దూరాన ఒక నిప్పుకణం లేచి, వెనుక తెల్లటి తోక వదులుతూ, సముద్రం వైపు వంగి, కొద్ది నిమిషాల్లో కనుమరుగవుతుంది. 2022లో జిల్లాల పునర్విభజనతో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరినప్పటి నుంచి ఆ నిప్పుకణం మీద మమకారం ఇంకాస్త పెరిగింది. అలాంటి ఒక సాయంత్రం మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు, "ఇంత మంటా పొగా ఎందుకు సామీ, ఆ అణు ఇంజనేదో పెట్టేస్తే ఇంధనం మోసే బాధే ఉండదు గదా?" అని అడిగారు. ప్రశ్న ఒక్క వాక్యమే గానీ, అందులో సగం నిజమూ సగం పొరపాటూ కలగలిసి ఉన్నాయి. ఆ రెండింటినీ విడదీస్తే తప్ప, మనుషులను అంగారకుడి దాకా తీసుకుపోతాయని చెబుతున్న అణు ఇంజన్ల వార్తల్లో ఏది నమ్మదగినదో తేలదు.

మొదటి చిక్కు మన మాటలోనే ఉంది. పొయ్యిలో కట్టె నుంచి స్కూటరులో పెట్రోలు దాకా అన్నింటినీ మనం ఇంధనమనే అంటాము, రాకెట్‌లో నింపే ద్రవాలనూ అదే పేరుతో పిలుస్తాము. అయితే రాకెట్‌లో ఆ ద్రవాలు రెండు పనులు చేస్తాయి. మండి శక్తినివ్వడం ఒకటి. ఆ మంటలో పుట్టిన వాయువుగా మారి, నాజిల్ గుండా వెనక్కి దూసుకుపోయి, రాకెట్‌ను ముందుకు తోయడం మరొకటి. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు తన చక్రాలతో రోడ్డును వెనక్కి నెడుతుంది కాబట్టి ముందుకు కదులుతుంది. శూన్యంలో నెట్టడానికి రోడ్డు లేదు. అందువల్ల అంతరిక్ష నౌక తాను తన్ని ముందుకు పోవడానికి కావలసిన నేలను కూడా తనతోనే మోసుకుపోయి, దానిని కొంచెం కొంచెంగా వెనక్కి విసురుతూ ప్రయాణించాలి. అలా విసరబడే పదార్థాన్ని ఈ వ్యాసంలో చోదకమని, శక్తినిచ్చే పదార్థాన్ని మాత్రమే ఇంధనమని అంటాను. రసాయన రాకెట్‌లో రెండు పనులనూ ఒకే పదార్థం చేస్తుంది గనుక మనకు ఇంతవరకు రెండు మాటల అవసరం రాలేదు. అణు రాకెట్‌లో ఆ రెండూ పూర్తిగా విడిపోతాయి.

ఎంతగా విడిపోతాయో ఒక ఉదాహరణ చూడవచ్చు. 1967 డిసెంబరులో అమెరికాలోని నెవాడా ఎడారిలో ఒక రాకెట్ రియాక్టర్ 1,100 మెగావాట్లకు పైగా ఉష్ణశక్తితో ఒక గంటసేపు నడిచింది. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే సుమారు 80 లక్షల కోట్ల జౌళ్ల శక్తి వస్తుంది. ఆ లెక్కన ఆ గంటలో ఖర్చయిన యురేనియం దాదాపు 50 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డు బరువు. అదే గంటలో ఆ రియాక్టర్ గుండా ప్రవహించి, వేడెక్కి బయటికి పోయిన హైడ్రోజన్ మాత్రం వంద టన్నుల స్థాయిలో ఉంటుంది. ఉపాధ్యాయులవారి మాట ఇంధనం విషయంలో అక్షరాలా నిజం, మోయవలసిన ఇంధనం దాదాపు సున్నా. చోదకం బరువు మాత్రం తప్పదు, ఆ బరువే రాకెట్ శాస్త్రమంతటినీ శాసిస్తుంది.

మన ఎల్‌వీఎం3 రాకెట్ నేల విడిచేటప్పుడు సుమారు 640 టన్నులుంటుంది. భూస్థిర బదిలీ కక్ష్యకు అది చేర్చే ఉపగ్రహం బరువు సుమారు 4 టన్నులు. మిగిలినదంతా చోదకమూ, దానిని పట్టి ఉంచే తొట్లూ, ఇంజన్లూ. ఈ నిష్పత్తి ఇంత దారుణంగా ఉండటానికి కారణం ఇంజనీర్ల అసమర్థత కాదు. చోదకం వెనక్కి పోయే వేగం కన్నా నౌకకు కావలసిన వేగం ఎక్కువయ్యే కొద్దీ, కావలసిన చోదకం చక్రవడ్డీలా పెరుగుతుంది, ఎందుకంటే చివరలో వాడబోయే చోదకాన్ని మోయడానికి కూడా మొదట్లో చోదకం ఖర్చు చేయాలి. ఈ సంబంధాన్ని రష్యా ఉపాధ్యాయుడు కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించాడు. అప్పటినుంచి ఏ ఇంజనైనా ఆ సూత్రానికి లోబడవలసిందే, అణు ఇంజనైనా సరే.

కాబట్టి తప్పించుకునే దారి ఒక్కటే, చోదకాన్ని మరింత వేగంగా విసరడం. ఎంత చోదకానికి ఎంత తోపు లభిస్తుందో చెప్పే కొలతను విశిష్ట ప్రచోదనం అంటారు. బండి మైలేజీ లాంటిదనుకోవచ్చు, దీనిని సెకన్లలో చెబుతారు. ఎల్‌వీఎం3 పై దశలో ఉండే క్రయోజెనిక్ ఇంజను సీఈ-20 విశిష్ట ప్రచోదనం సుమారు 442 సెకన్లు, అంటే వాయువు సెకనుకు 4.3 కిలోమీటర్ల వేగంతో బయటికి పోతుంది. రసాయన ఇంజన్లలో ఇది మేలైన తరగతి. ప్రపంచంలోని అత్యుత్తమ హైడ్రోజన్ ఇంజన్లు కూడా దీనికి మరికొద్ది సెకన్లు మాత్రమే ముందుంటాయి. రియాక్టర్ వేడితో హైడ్రోజన్‌ను నేరుగా వేడిచేసి వెనక్కి విసిరే ఇంజనును అణు ఉష్ణ ఇంజను అంటారు. దానికి అంచనా వేస్తున్నది 850 నుంచి 900 సెకన్లు, అంటే సుమారు రెట్టింపు.

ఈ రెట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే చాలామంది పొరబడతారు. అణుశక్తి కాబట్టి వేడి ఎక్కువగా ఉంటుందని, అందువల్ల వాయువు వేగంగా పోతుందని అనుకోవడం సహజం. నిజానికి అణు ఉష్ణ ఇంజనులోని వాయువు రసాయన ఇంజనులోని వాయువు కన్నా చల్లగా ఉంటుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి మండే గదిలో ఉష్ణోగ్రత 3,000 కెల్విన్లు దాటుతుంది. రియాక్టర్‌లో మాత్రం ఇంధన కడ్డీలు కరగకుండా ఉండాలి గనుక హైడ్రోజన్‌ను 2,700 కెల్విన్ల చుట్టుపక్కలకు మించి వేడి చేయడం కష్టం. లాభమంతా వాయువు తేలికదనంలో ఉంది. ఒకే ఉష్ణోగ్రత వద్ద తేలికైన అణువు బరువైన అణువు కన్నా వేగంగా కదులుతుంది. రసాయన ఇంజను నుంచి బయటికి వచ్చేది ప్రధానంగా నీటి ఆవిరి, దాని అణుభారం 18. రియాక్టర్‌లో మంట అక్కరలేదు కాబట్టి ఆక్సిజన్ కూడా అక్కరలేదు. అణుభారం 2 మాత్రమే ఉన్న హైడ్రోజన్‌ను ఒంటరిగా వేడిచేసి పంపవచ్చు. మన వాడుకలో 'అణు' అంటే న్యూక్లియర్, రసాయన శాస్త్ర పాఠాల్లో 'అణువు' అంటే మాలిక్యూల్. తెలుగు విద్యార్థులను తరతరాలుగా తికమక పెట్టిన ఈ జంట అర్థాలు ఇక్కడ మాత్రం రెండూ సరిపోతాయి, ఎందుకంటే ఈ రాకెట్ బలం కేంద్రక విచ్ఛిత్తిలో ఎంత ఉందో తేలికైన అణువులోనూ అంతే ఉంది.

రెట్టింపు మైలేజీ వల్ల ఒరిగేదేమిటో లెక్క చూద్దాం. భూమి చుట్టూ కక్ష్యలో 100 టన్నుల నౌక ఉందనుకుందాం. దాని వేగాన్ని సెకనుకు 6 కిలోమీటర్ల మేర మార్చాలి. సీఈ-20 తరహా ఇంజనుతో ఆ పని పూర్తయ్యేసరికి 75 టన్నుల చోదకం ఖర్చయి 25 టన్నుల నౌక మిగులుతుంది. 900 సెకన్ల అణు ఇంజనుతో దాదాపు 50 టన్నులు మిగులుతుంది. వేగంలో కావలసిన మార్పు 12 కిలోమీటర్లయితే తేడా మరీ కొట్టవచ్చినట్టు కనబడుతుంది. రసాయన నౌకలో 6 టన్నులు, అణు నౌకలో దాదాపు 26 టన్నులు మిగులుతాయి. దూరం పెరిగినా, తొందర పెరిగినా అణు ఇంజను పక్షం బలపడుతుందని ఈ అంకెలు చెబుతున్నాయి.

అయితే ఆ మిగిలినదంతా మనుషులకూ సరుకుకూ దక్కదు, రియాక్టర్, రేడియేషన్ కవచం, హైడ్రోజన్ తొట్లు అందులోనే ఇమడాలి. తొట్ల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ద్రవ హైడ్రోజన్ ఒక ఘనపు మీటరు బరువు 71 కిలోలే, నీటిలో పద్నాలుగో వంతు. వేసవిలో తిరుపతి వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల నీటి ట్యాంకర్లను కొలతగా తీసుకుంటే, 50 టన్నుల నీటికి పది ట్యాంకర్లు చాలు. 50 టన్నుల ద్రవ హైడ్రోజన్‌కు నూట నలభై కావాలి. పైగా దానిని మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచకపోతే ఆవిరైపోతుంది. శ్రీహరికోటలో ప్రయోగానికి ముందు గంటల్లో నింపి, నిమిషాల్లో వాడేసే ద్రవానికే ఎన్ని జాగ్రత్తలు పడతారో మనకు తెలుసు. అంగారకుడి దగ్గర తిరుగు ప్రయాణానికి అదే ద్రవాన్ని ఏడాదికి పైగా ఎండలో వేలాడే తొట్టెలో కాపాడాలి. అణు ఇంజను గురించి రాసేవారు రియాక్టర్‌ను గురించి పేజీలు నింపి ఈ తొట్టెను మరిచిపోతుంటారు. నా దృష్టిలో ఇది రియాక్టర్‌కు ఏ మాత్రం తీసిపోని సమస్య.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1955లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రోవర్ అనే పేరుతో పని మొదలైంది. తొలి రియాక్టర్లకు కివి అని పేరు పెట్టారు. కివి ఎగరలేని పక్షి, ఆ రియాక్టర్లు కూడా నేల మీద పరీక్షించడానికే తప్ప ఎగరడానికి కాదు. 1959 జులైలో మొదటి కివి నడిచింది. 1961 మే 25న అధ్యక్షుడు కెన్నెడీ చంద్రుడి మీదికి మనిషిని పంపుతామని చెప్పిన ప్రసంగం అందరికీ గుర్తుంది. అదే ప్రసంగంలో రోవర్ అణు రాకెట్‌ను వేగవంతం చేయడానికి అదనంగా 2.3 కోట్ల డాలర్లు కావాలని కూడా ఆయన అడిగాడన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. చంద్రయానం జరిగింది, రెండో కోరిక నేల దాటలేదు.

నేల దాటకపోవడానికి కారణం ఇంజను పనిచేయకపోవడం మాత్రం కాదు. తొలినాళ్లలో ఇబ్బందులు గట్టిగానే ఎదురయ్యాయి. 1962 నవంబరులో కివి-బీ4ఏ పరీక్షలో ప్రవహించే హైడ్రోజన్ వల్ల రియాక్టర్ లోపలి భాగాలు కంపించి, ఇంధన కడ్డీలు విరిగి, ముక్కలు నాజిల్ గుండా మెరుపుల్లా బయటికి చిమ్మాయి. కంపనాన్ని అదుపు చేశాక రెండో శత్రువు బయటపడింది. ఇంధనాన్ని గ్రాఫైట్‌లో పొదిగారు. మండే వేడిలో హైడ్రోజన్ గ్రాఫైట్‌లోని కార్బన్‌ను తినేస్తుంది. నియోబియం కార్బైడ్, జిర్కోనియం కార్బైడ్ పూతలు వేశారు గానీ పూతా గ్రాఫైటూ వేడికి ఒకే తీరున వ్యాకోచించవు కాబట్టి పగుళ్లు వచ్చేవి. ఒక్కొక్కటిగా వీటిని తగ్గించుకుంటూ 1968లో ఫీబస్-2ఏ రియాక్టర్‌ను 4,000 మెగావాట్లకు పైగా నడిపారు. కూడంకుళంలోని ఒక్కో రియాక్టర్ ఉష్ణశక్తి సుమారు 3,000 మెగావాట్లు. 1969లో ఎక్స్‌ఈ అనే పూర్తి ఇంజనును, నాజిల్ కిందికి ఉండేలా నిలబెట్టి, 28 సార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. నాసా, అమెరికా అణుశక్తి కమిషన్ కలిసి నడిపిన ఈ ఇంజను కార్యక్రమానికి నెర్వా అని పేరు. పరీక్షా కేంద్రంలో రియాక్టర్లను కట్టే భవనం నుంచి నడిపే వేదికకు తీసుకుపోవడానికి ఒక చిన్న రైలు మార్గం ఉండేది, నడిచాక రేడియోధార్మికంగా మారిన రియాక్టర్‌ను దూరం నుంచి నడిపే రైలింజను వెనక్కి లాక్కుపోయేది. ప్రపంచంలోకెల్లా పొట్టిదీ నెమ్మదైనదీ అయిన రైలు తమదేనని అక్కడివాళ్లు హాస్యమాడుకునేవారట.

1969 ఆగస్టులో నాసా రాకెట్ ఇంజనీరు వెర్నర్ ఫాన్ బ్రౌన్ ఈ ఇంజన్లతో 1982లో అంగారకుడి మీద మనుషులను దించే ప్రణాళికను అధికారికంగా సమర్పించాడు. అప్పటికే వియత్నాం యుద్ధం ఖర్చులు పెరిగాయి, చంద్రుడిని గెలిచాక ప్రజల ఆసక్తి చల్లబడింది. అంగారకయానమే లేనప్పుడు దానికోసం కట్టిన ఇంజనెందుకన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. 1973 జనవరిలో కార్యక్రమాన్ని మూసేశారు. పెళ్లికూతురు లేకుండా పందిరి వేసినట్టయిందని మన పెద్దలైతే అనేవారు. సోవియట్ యూనియన్‌లోనూ ఆర్‌డీ-0410 అనే చిన్న అణు ఉష్ణ ఇంజనుకు సెమిపలాటిన్స్క్‌లో పరీక్షలు జరిగాయి. అదీ అంతరిక్షాన్ని చూడలేదు.

ఇంతవరకు చెప్పుకున్నది అణు ఉష్ణ మార్గం. రెండో మార్గం అణు విద్యుత్ చోదనం. ఇందులో రియాక్టర్ వేడితో ముందు విద్యుత్తును తయారుచేస్తారు. ఆ విద్యుత్తుతో జీనాన్ వంటి వాయువును అయాన్లుగా మార్చి, సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో విసురుతారు. విశిష్ట ప్రచోదనం వేల సెకన్లకు పోతుంది, చోదకం చాలా తక్కువ పడుతుంది. అయాన్ ఇంజను నిరూపితమైన వస్తువే. 2007లో బయలుదేరిన డాన్ నౌక సౌరవిద్యుత్తుతో అలాంటి ఇంజనునే నడిపి వెస్టా, సెరెస్ అనే రెండు గ్రహశకలాల చుట్టూ ఒకదాని తరువాత ఒకటిగా తిరిగింది. ఇబ్బంది తోపు బలంతో వస్తుంది. ఒక మెగావాట్ విద్యుత్తును పూర్తిగా 4,000 సెకన్ల ఇంజనుకు ఇచ్చినా, దానిలో అరవై శాతమే తోపుగా మారుతుందనుకుంటే, వచ్చేది సుమారు 30 న్యూటన్లు. మదనపల్లె మార్కెట్లో మూడు కిలోల టమోటాలు చేతిలో పెట్టుకుంటే అరచేతికి తెలిసే బరువు అంత. దానితో 100 టన్నుల నౌకను నెడితే రోజంతటిలో పెరిగే వేగం సెకనుకు 26 మీటర్లు మాత్రమే. అయినా ఏడాది పాటు ఆపకుండా నెడితే అది సెకనుకు తొమ్మిదిన్నర కిలోమీటర్లవుతుంది. ఘాట్ రోడ్డు బస్సు గంటలోపు కొండెక్కుతుంది, అలిపిరి మెట్ల దారిలో నడిచేవారు ఒక్కో మెట్టే ఎక్కి అక్కడికే చేరతారు. అణు ఉష్ణ ఇంజను బస్సు, అణు విద్యుత్ ఇంజను మెట్ల దారి.

మెట్ల దారిని మనుషులకు నేరుగా వాడటంలో ఒక ప్రమాదం ఉంది. ఇంత స్వల్పమైన తోపుతో భూమి కక్ష్య నుంచి బయటపడాలంటే నెలల తరబడి చుట్లు చుట్టుకుంటూ, భూమిని చుట్టి ఉండే వాన్ ఆలెన్ రేడియేషన్ వలయాలను దాటాలి. అందువల్ల నౌకను ఖాళీగానే పైకి పంపి, అది ఎత్తైన కక్ష్యకు చేరాక మనుషులను వేరే రాకెట్‌లో తీసుకుపోయి ఎక్కించాలన్నది సాధారణంగా చెప్పే పరిష్కారం.

విద్యుత్ మార్గంలో అసలు కష్టం వేడిని వదిలించుకోవడం. నేల మీది విద్యుత్ కేంద్రానికి నదో సముద్రమో గాలో ఉంటుంది. అంతరిక్షంలో నీరూ గాలీ లేవు, వేడి కేవలం కాంతిరూపంలో వెలువడాలి. వేడిలో నాలుగో వంతు విద్యుత్తుగా మారుతుందనుకుంటే, ఒక మెగావాట్ విద్యుత్తుకు మూడు మెగావాట్ల వేడిని పారేయాలి. రేడియేటర్ పలకలు 500 కెల్విన్ల వద్ద ఉంటే, రెండు వైపులా వేడిని వెదజల్లే దాదాపు 470 చదరపు మీటర్ల పలకలు కావాలి. 800 కెల్విన్ల వద్ద ఉంచగలిగితే 75 చదరపు మీటర్ల లోపే సరిపోతాయి, ఎందుకంటే వెలువడే వేడి ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కానీ పలకలను అంత వేడిగా ఉంచితే వేడి నుంచి విద్యుత్తు తీసే సామర్థ్యం పడిపోతుంది. ఇటు లాగితే అటు చిరుగుతుంది. కక్ష్యలో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని భారీ సౌరపలకలు ఇచ్చే విద్యుత్తు వంద కిలోవాట్ల స్థాయిలోనే ఉంటుందని గుర్తుంచుకుంటే, మెగావాట్ అన్న మాట ఎంత పెద్దదో తెలుస్తుంది. అంగారకుడి దగ్గర సూర్యకాంతి మన దగ్గరి కాంతిలో 43 శాతానికి తగ్గిపోతుంది కాబట్టి సౌరపలకలతో పోటీ పడేటప్పుడు రియాక్టర్ విలువ దూరంతో పాటు పెరుగుతుంది.

ఇక కాలం. '45 రోజుల్లో అంగారకం' వంటి శీర్షికలు చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వేగంగా పోయే నౌక గమ్యం దగ్గర ఆ వేగాన్ని ఎలా తగ్గించుకుంటుంది? తిరిగి ఎప్పుడు బయలుదేరుతుంది? మంగళ్‌యాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచి, డిసెంబరు 1న భూకక్ష్య వీడి, 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్య చేరింది. దాదాపు 300 రోజులు. ఆ తేదీలను ఎంచింది ఇస్రో కాదు, గ్రహాల పొందిక. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఇది త్వరగా అర్థమవుతుంది. కుజుడు సుమారు ఇరవై ఆరు నెలలకొకసారి వక్రిస్తాడు, ఆ సమయంలోనే భూమికి దగ్గరగా ఉంటాడు. ప్రయోగానికి అనువైన కాలం దానికి కొన్ని నెలల ముందు వస్తుంది. 2014లో కుజుడి వక్రగతి మార్చి నుంచి మే దాకా సాగింది. తక్కువ చోదకంతో పోయివచ్చే పద్ధతిలో వెళ్లినవారు తిరుగు పొందిక కోసం అక్కడ సుమారు 500 రోజులు ఆగాలి, మొత్తం యాత్ర 900 రోజులు దాటుతుంది. వెళ్లే ప్రయాణాన్ని 8 నెలల నుంచి 4 నెలలకు తగ్గించినా, తిరిగి రావడానికి అదే పొందిక కోసం ఎదురుచూస్తే, మొత్తం కాలం పెద్దగా తగ్గదు. అంతరిక్షంలో గడిపే రోజులు తగ్గి అంగారక నేల మీద గడిపేవి పెరుగుతాయి. ముప్ఫై, అరవై రోజుల్లో వెనుదిరిగే పొట్టి యాత్ర కావాలంటే ప్రతికూలమైన పొందికలో ఎక్కువ వేగంతో, కొన్నిసార్లు శుక్రుడి కక్ష్య లోపలి నుంచి చుట్టి రావాలి. అణు ఇంజను గట్టిగా పనికొచ్చేది అక్కడే. వేగాన్ని కాక, ఎప్పుడు బయలుదేరాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో ఎంచుకునే వెసులుబాటును అది అమ్ముతుందని నేను భావిస్తాను.

అంతరిక్షంలో రోజులు తగ్గడం శరీరానికి మేలే. క్యూరియాసిటీ రోవర్‌ను మోసుకుపోయిన నౌకలోని పరికరం దారిలో రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టుల రేడియేషన్‌ను నమోదు చేసింది. భూమి మీద మనిషికి సహజంగా ఏడాదికి సగటున అందేది 2.4. అంటే అక్కడ ఒక్క రోజు ఇక్కడి తొమ్మిది నెలలు. అంగారక నేల మీద ఆ మోతాదు మూడో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే కిందనున్న గ్రహం సగం ఆకాశాన్ని అడ్డుకుంటుంది, పలచటి వాతావరణం ఇంకొంత ఆపుతుంది. నాసా ఒక వ్యోమగామి వృత్తి జీవితమంతటికీ పెట్టుకున్న పరిమితి 600 మిల్లీసీవర్టులు. భారరహిత స్థితిలో ఎముకలు నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున సన్నబడతాయన్నది దీనికి తోడు.

"రేడియేషన్ తప్పించుకోవడానికి రియాక్టర్ పక్కన కూర్చుంటారా?" అని అడగవచ్చు. నౌక ఆకారమే దీనికి జవాబు. రియాక్టర్‌ను ఒక చివర, మనుషులను మరో చివర ఉంచి, మధ్యలో పొడవైన దూలం, చోదకపు తొట్లు పెడతారు. దూరం అయిదు రెట్లయితే మోతాదు ఇరవై అయిదో వంతుకు తగ్గుతుంది. రియాక్టర్ చుట్టూ గోడ కట్టకుండా, మనుషులున్న వైపు మాత్రమే టంగ్‌స్టన్, లిథియం హైడ్రైడ్ వంటి పదార్థాలతో గొడుగులా కవచం పెడతారు. ఆ గొడుగు నీడలోనే నౌకంతా ఇమిడి ఉండాలి. ద్రవ హైడ్రోజన్ కూడా న్యూట్రాన్లను బాగా ఆపుతుంది. కాకపోతే ప్రయాణం చివరికి తొట్టె ఖాళీ అవుతున్న కొద్దీ ఆ రక్షణ పలచబడుతుంది. మరమ్మతుకని ఎవరూ ఇంజను దగ్గరికి పోలేరు. ఇంకో సంగతి, రియాక్టర్‌ను ఆపినా అందులో వేడి పుట్టడం ఆగదు. విచ్ఛిత్తి శకలాల వల్ల ఆపిన వెంటనే కూడా పూర్తి శక్తిలో కొన్ని శాతం వేడి వస్తూనే ఉంటుంది, 500 మెగావాట్ల రియాక్టర్‌లో అది పదుల మెగావాట్లు. దానిని చల్లార్చడానికి, పెద్దగా తోపు రాకపోయినా, హైడ్రోజన్‌ను పారిస్తూ పోవాలి.

పులికాట్ ఒడ్డున ఉండేవారికీ, మనకూ సహజంగా పుట్టే భయం ప్రయోగ సమయపు ప్రమాదం గురించి. ఇక్కడ గుర్తుంచుకోవలసినవి రెండు. అణు ఉష్ణ ఇంజనుతో నేల మీది నుంచి లేవాలని నేడు ఎవరూ అనుకోవడం లేదు; భూమి నుంచి లేపేది మామూలు రసాయన రాకెట్టే, కాబట్టి ఉపాధ్యాయులవారు అడిగిన మంటా పొగా అణు యుగంలోనూ తప్పవు. రియాక్టర్‌ను సురక్షితమైన కక్ష్యకు చేరాకనే మొదటిసారి నడుపుతారు. నడవని రియాక్టర్‌లోని యురేనియం-235 అర్ధాయువు 70 కోట్ల ఏళ్లు, అంటే చాలా నెమ్మదిగా క్షీణించే పదార్థం. నడిచిన రియాక్టర్‌లో పేరుకునే సీజియం, స్ట్రాంషియం వంటివి అందులో ఇంకా పుట్టి ఉండవు. అసలు ఆందోళన వేరే చోట ఉంది. రాకెట్ సముద్రంలో కూలితే నీరు రియాక్టర్ లోపలికి చేరి న్యూట్రాన్లను నెమ్మదింపజేసి, అనుకోకుండా శృంఖల చర్యను మొదలుపెట్టవచ్చు. సముద్రం ఒడ్డునుండే ఏ ప్రయోగ కేంద్రానికైనా ఇది ముందుగా తీర్చవలసిన లెక్క. దానికోసం ప్రయోగ సమయంలో న్యూట్రాన్లను మింగే కడ్డీలను లోపల బిగించి పెడతారు.

నడిచిన రియాక్టర్ నేల మీద పడితే ఏమవుతుందో 1978 జనవరి 24న ప్రపంచం చూసింది. సోవియట్ గూఢచారి ఉపగ్రహం కాస్మోస్ 954, రియాక్టర్‌తో సహా, కెనడా ఉత్తర ప్రాంతంలో చెల్లాచెదురుగా పడింది. కెనడా 60 లక్షల డాలర్లకు పైగా అడిగితే సోవియట్ యూనియన్ 30 లక్షలు చెల్లించింది. ఆ తరువాత 1992లో ఐక్యరాజ్య సమితి కొన్ని సూత్రాలను ఆమోదించింది. రియాక్టర్‌ను కక్ష్యకు చేరకముందు నడపరాదన్నది వాటిలో ఒకటి. అందులోనే రియాక్టర్లలో బాగా శుద్ధి చేసిన, అంటే యురేనియం-235 వాటాను బాగా పెంచిన యురేనియంనే వాడాలని కూడా ఉంది. ఇప్పటి ఆలోచన దీనికి పూర్తిగా ఎదురు. నెర్వా కాలంలో వాడిన, తొంభై శాతం దాటిన యురేనియం బాంబుకు కూడా పనికొచ్చేది. ఇప్పుడు ఇరవై శాతం లోపే శుద్ధి చేసిన దానితో పని జరగాలని చూస్తున్నారు. భద్రత కోసం రాసిన సూత్రం, భద్రత కోసమే చేసిన మార్పు ఒకదానినొకటి కాదంటున్నాయి.

ఈ తక్కువ శుద్ధి ఇంధనంతో ఇంజను కట్టి అంతరిక్షంలో పరీక్షించాలని నాసా, అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా కలిసి 2023 జనవరిలో డ్రాకో అనే కార్యక్రమాన్ని ప్రకటించాయి, లాక్‌హీడ్ మార్టిన్‌కు పని అప్పగించాయి, 2027లో ఎగరేస్తామన్నాయి. 2025లో అది రద్దయింది. ప్రయోగ ఖర్చులు బాగా తగ్గిపోతున్నందున, ఇంత ఖరీదైన పరిశోధనతో వచ్చే లాభం మునుపటంతగా కనిపించడం లేదని డార్పా వర్గాలు చెప్పాయి. చౌకగా ఎక్కువ చోదకాన్ని పైకి మోయగలిగితే మైలేజీ తక్కువైనా సరిపెట్టుకోవచ్చన్న వాదన అది. ఇంకో అడ్డంకి నేల మీది పరీక్ష. 1960లలో నెవాడాలో ఇంజను పొగను నేరుగా ఆకాశంలోకి వదిలేశారు. ఇప్పుడు అది కుదరదు. ప్రతి సెకనూ వచ్చే కిలోల కొద్దీ వేడి హైడ్రోజన్‌ను పట్టి, వడకట్టి, నిల్వచేసే కేంద్రాన్ని ముందు కట్టాలి, దాని ఖర్చు ఇంజను ఖర్చుతో పోటీ పడుతుంది.

ఇంతవరకు అమెరికా అంతరిక్షంలో నడిపిన రియాక్టర్ ఒక్కటే, 1965 ఏప్రిల్‌లో పంపిన స్నాప్-10ఏ. అది సుమారు 500 వాట్ల విద్యుత్తునిస్తూ 43 రోజులు పనిచేసి, రియాక్టర్‌తో సంబంధం లేని విద్యుత్ పరికరం లోపంతో ఆగిపోయింది. 2018లో నెవాడాలో క్రస్టీ అనే చిన్న రియాక్టర్‌ను 28 గంటలు నడిపి చూశారు. 2025 ఆగస్టులో నాసా చంద్రుడి మీద 100 కిలోవాట్ల రియాక్టర్ పెట్టాలని నిర్దేశించుకుంది. అది నేల మీద దీపాలు వెలిగించడానికే తప్ప నౌకను నడపడానికి కాదు.

మన దగ్గర అణు ఇంజను లేదు. అయితే చంద్రయాన్-3లో ల్యాండర్‌ను చంద్రుడి దాకా మోసుకుపోయిన చోదన మాడ్యూల్‌లో రేడియోధార్మిక క్షయంతో వేడినిచ్చే చిన్న హీటర్లు రెండు ఉన్నాయని, ఒక్కొక్కటి ఒక వాట్ వేడినిస్తుందని అణుశక్తి కమిషన్ అధ్యక్షులు తరువాత వెల్లడించారు. అవి చోదనానికి కాదు, చలిలో పరికరాలను వెచ్చగా ఉంచడానికి. 2023 జులై 14 మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు తిరుపతి మేడల మీది నుంచి తూర్పున లేచిన ఆ నిప్పుకణాన్ని చూసినవారికి అందులో రెండు వాట్ల అణు వేడి కూడా పోతున్నదని అప్పటికి తెలియదు.